పాత యాంప్లిఫయర్‌కి చిన్న డాక్: ఇంట్లో పాట శుభ్రంగా వినాలంటే ఏం చేయాలి?

ఫోన్‌లోనైనా, ల్యాప్‌టాప్‌లోనైనా, టీవీలోనైనా పాట అంకెల రూపంలోనే ఉంటుంది. స్పీకర్‌కి కావలసింది క్షణక్షణం ఎక్కుతూ దిగుతూ ఉండే వోల్టేజి. ఆ అంకెల్ని వోల్టేజిగా మార్చేదే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా డాక్. హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ప్రతి ఫోన్, ల్యాప్‌టాప్, టీవీలోనూ, ప్రతి బ్లూటూత్ స్పీకర్‌లోనూ ఇది ముందే ఉంటుంది. అందుకే ఇంకొకటి కొనేముందు, ఉన్నది పాటను పాడుచేస్తోందో లేదో తేల్చుకోవాలి.

చాలా ఇళ్లలో పాడుచేస్తూనే ఉంటుంది. అలాగని తప్పంతా చిప్పుదే అనలేం. ల్యాప్‌టాప్‌లో ఆ చిప్పు ప్రాసెసర్‌కి, ఛార్జింగ్ సర్క్యూట్‌కి పక్కనే కూర్చుని వాటి రొదను కూడా జాక్‌లోకి పంపుతుంది. టీవీల్లో హెడ్‌ఫోన్ జాక్ మీద పెట్టే ఖర్చు అతి తక్కువ. ఈ రెండు జబ్బుల్నీ వెయ్యి నుంచి మూడు వేల రూపాయల లోపు డాక్ కుదర్చగలదు. స్పీకర్ చెడ్డదైతే, ఫైలు చెడ్డదైతే ముప్పై వేల డాక్ కూడా ఏమీ చేయలేదు.

ఇక్కడ చెప్పేదంతా ఎక్కువ ఇళ్లలో ఉండే ఏర్పాటుకి సంబంధించింది: వెనక ఎరుపు, తెలుపు పిన్నుల సాకెట్లున్న ఒక స్టీరియో యాంప్లిఫయర్ లేదా పాత మ్యూజిక్ సిస్టమ్, రెండు స్పీకర్లు, పాట పంపడానికి ఒక ఫోనో, ల్యాప్‌టాపో, టీవీయో.

ముందు జబ్బు ఎక్కడుందో కనిపెట్టండి

రాత్రి పూట, సీలింగ్ ఫ్యాను ఆపి చేయండి. ఫ్యాను తిరుగుతుంటే చిన్న రొదలు దానిలోనే కలిసిపోతాయి.

యాంప్‌కి పాట తెచ్చే ఏ తీగా తగిలించకుండా ఆన్ చేసి, వాల్యూమ్ రోజూ వినే చోట పెట్టండి. స్పీకర్‌లో గుంయ్‌మని వస్తే ఆ రొద యాంప్‌దే. డాక్ కొన్నా అది పోదు. నిశ్శబ్దంగా ఉంటే ల్యాప్‌టాప్ తీగ తగిలించండి, పాట మాత్రం పెట్టకండి. ఇప్పుడు సన్నగా కీచుమనే శబ్దం వచ్చి, మౌస్ కదిపినప్పుడల్లా, పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడల్లా మారుతోందా? అది ల్యాప్‌టాప్ లోపలి రొద. తరవాత ఛార్జర్ పిన్ను ల్యాప్‌టాప్ నుంచి పీకేయండి. పీకగానే శబ్దం మాయమైతే మీది ఎర్త్ లూప్ సమస్య, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తేడా ఆడియో తీగలోకి దిగడం. దాని వైద్యం వేరు. కింద వివరంగా ఉంది.

టీవీ విషయంలో ఇంకో అనుమానితుడు ఉన్నాడు: కేబుల్ టీవీ వైరు. ఆ వైరు పైతొడుగు వీధిలో ఇంకెక్కడో ఎర్త్ అయి ఉంటుంది, మీ యాంప్ ఇంట్లో ఎర్త్ అవుతుంది. ఆ రెండిటి మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడా మీ ఆడియో తీగ గుండా ప్రవహించి గుంయ్‌మనే హమ్‌గా వినిపిస్తుంది. సెట్‌టాప్ బాక్సు వెనక మరతో బిగించిన ఆ వైరును విప్పి చూడండి. హమ్ ఆగిపోతే దొంగ దొరికినట్టే.

ఏ పరీక్షలోనూ రొద లేదు, వాల్యూమ్ కూడా చాలినంత వస్తోంది అంటే, ఇప్పుడున్న డాక్ బాగానే ఉందన్నమాట. ఆ డబ్బు స్పీకర్లకు దాచుకోండి. చివర చెప్పిన గది సంగతి మాత్రం చదవండి.

ఏ రకం కొనాలి

ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి అయితే టైప్-సీ డాంగిల్ చాలు. వేలెడంత తీగ, ఒక చివర టైప్-సీ పిన్ను, ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల జాక్. డాక్ చిప్పు ఆ చిన్న గుండ్రటి తొడుగులోనే ఉంటుంది. ఆపిల్ టైప్-సీ డాంగిల్ సుమారు వెయ్యి రూపాయల సరుకు. ల్యాప్‌టాప్‌లో దాని పనితనం ధరకు మించి ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని లోపలి వాల్యూమ్ పూర్తిగా తెరుచుకోక శబ్దం బాగా తక్కువగా వస్తుంది. ఆండ్రాయిడ్‌కే వాడేట్టయితే ఫియో లాంటి కంపెనీల చిన్న డాంగిల్స్ వైపు చూడండి. నకిలీలు కూడా అమ్ముడవుతాయి కాబట్టి ధర మరీ చవగ్గా కనిపిస్తే ఆగండి.

బజారులో ఒక మోసం జాగ్రత్త. వంద రూపాయలకు దొరికే కొన్ని టైప్-సీ జాక్ కన్వర్టర్లలో అసలు చిప్పే ఉండదు, ఫోన్ లోపలి అనలాగ్ శబ్దాన్ని బయటికి తెచ్చే తీగలు మాత్రమే ఉంటాయి. తేల్చుకోవడం సులువు. ల్యాప్‌టాప్‌కి గుచ్చి సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ జాబితా చూడండి. కొత్త పేరు వస్తే అందులో డాక్ ఉన్నట్టు. రాకపోతే తిరిగి ఇచ్చేయండి.

టీవీకి అయితే ఆప్టికల్ డాక్ పెట్టె. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. ఒక వైపు ఆప్టికల్ సాకెట్, ఇంకో వైపు ఎరుపు, తెలుపు సాకెట్లు, 5 వోల్టుల కరెంటు పిన్ను. ఆప్టికల్ తీగలో పోయేది వెలుగే తప్ప కరెంటు కాదు కాబట్టి కేబుల్ వైరు హమ్ యాంప్ దాకా రాదు. టీవీ ఇళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఎప్పుడూ ఒకేచోట ఉండే కంప్యూటర్‌కి యూఎస్‌బీ డెస్క్‌టాప్ డాక్ బాగుంటుంది. వెనక ఆర్‌సీఏ (అవే ఎరుపు, తెలుపు) సాకెట్ల నుంచి యాంప్‌కి పూర్తి 2 వోల్టుల శబ్దం ఇస్తుంది, జాక్ వదులయ్యే బెడద ఉండదు. ధర కాస్త పైన.

పెట్టె మీద 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. 1982లో వచ్చిన సీడీ ప్రమాణమే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అది దాదాపు 96 డెసిబెల్ హెచ్చుతగ్గుల్ని, 20 కిలోహెర్ట్జ్ దాటి పౌనఃపున్యాన్ని మోయగలదు. మనిషి చెవి ఆరోగ్యంగా ఉన్న వయసులో వినగలిగే హద్దు ఆ 20 కిలోహెర్ట్జే. చూడవలసినవి వేరే ఉన్నాయి: అవుట్‌పుట్ 1 వోల్టా 2 వోల్టులా, డ్రైవర్ (విడిగా ఎక్కించే సాఫ్ట్‌వేర్) లేకుండా పనిచేస్తుందా, సాకెట్లు గట్టిగా ఉన్నాయా, తిరిగి ఇచ్చే వీలుందా.

బ్లూటూత్ స్పీకర్‌తోనో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తోనో వినేవారికి ఇవేవీ అక్కర్లేదు. వాటి డాక్ వాటి లోపలే ఉంటుంది. ఫోన్‌కి ఇంకొకటి తగిలించినా పాట దాని గుండా పోదు.

తీగలు

డాంగిల్ నుంచి యాంప్‌కి కావలసింది 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఒక వైపు, రెండు ఆర్‌సీఏ పిన్నులు ఇంకో వైపు ఉన్న తీగ. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండే ఉండాలి. మూడు గీతలుండి, మూడో ఆర్‌సీఏ పసుపు రంగులో ఉంటే అది వీడియో తీగ. దానిలో గ్రౌండ్ (ఎడమ, కుడి రెండిటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు తీగ) వేరే చోట ఉండవచ్చు.

గ్రౌండ్ సరిగ్గా తగలకపోతే ఒక వింత జరుగుతుంది: గాయకుడి గొంతు మాయమై వయొలిన్లు, కోరస్, ప్రతిధ్వని మాత్రమే బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. మధ్యలో ఉండే గొంతు ఎడమ, కుడి రెండిటిలోనూ సమానంగా ఉంటుంది. గ్రౌండ్ తెగినప్పుడు స్పీకర్లకు ఆ రెండిటి తేడా మాత్రమే అందుతుంది, సమానంగా ఉన్నది కొట్టుకుపోతుంది. ఇలా వినిపిస్తే డాక్ చెడిపోయిందని అనుకోకండి. పిన్ను చివరిదాకా గుచ్చండి. ఫోన్ కవర్ మందంగా ఉండి టైప్-సీ పిన్ను పూర్తిగా దిగకపోతే వచ్చే చిక్కు వేరు, పాట మధ్యమధ్యలో తెగుతుంది. కవర్ తీసి చూడండి.

పొడవు ఒకటిన్నర మీటరు దాటకుండా చూసుకోండి. కరెంటు వైరుకి సమాంతరంగా కట్టగట్టకండి, అడ్డంగా దాటిస్తే ఫరవాలేదు. బంగారు పూత, వేల రూపాయల తీగ అవసరం లేదు. పిన్ను గట్టిగా పట్టుకునే మామూలు తీగ చాలు.

ఆప్టికల్ తీగ కొత్తదైతే రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి. అవి తీయకుండా గుచ్చి, పనిచేయడం లేదని తలపట్టుకునేవారు చాలామంది. టీవీ వైపు గుచ్చి రెండో కొస చూస్తే ఎర్రటి వెలుగు కనిపించాలి. గోడ మూలల్లో మడత పడేలా వంచవద్దు.

తగిలించే వరుస

1. యాంప్ ఆఫ్ చేసి, వాల్యూమ్ సున్నాకు తిప్పండి. ఆన్‌లో ఉండగా పిన్నులు గుచ్చితే వచ్చే దబ్బుమనే శబ్దం ట్వీటర్‌ని (స్పీకర్‌లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగాన్ని) కాల్చగలదు.

2. తెలుపు పిన్ను ఎడమకి, ఎరుపు కుడికి. యాంప్ వెనక ఆక్స్, సీడీ, ట్యూనర్, టేప్ ఇన్ వీటిలో ఏదైనా సరే. ఫోనో అని రాసిన సాకెట్‌కి మాత్రం ఎన్నడూ పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం తయారైంది. దానిలోకి 2 వోల్టులు పోస్తే శబ్దం చీలిపోయి, బేస్ ఉబ్బి, వినలేనట్టు ఉంటుంది. మైక్ సాకెట్ సంగతీ అంతే.

3. డాక్‌కి కరెంటు ఇవ్వండి. డాంగిల్‌కి ఫోన్ నుంచే వస్తుంది. టీవీ పెట్టెకు విడిగా ఒక ఫోన్ ఛార్జర్ వాడండి. టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ సాకెట్ నుంచి ఇస్తే ఆప్టికల్ తీగ తెంచిన గ్రౌండ్ దారిని మళ్లీ మీరే కలిపినట్టు, హమ్ తిరిగొస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో ఆప్టికల్ పెట్టెనే తిట్టుకుంటారు.

4. పాట మొదలుపెట్టి, ఆ తరవాత యాంప్ ఆన్ చేసి, వాల్యూమ్ నెమ్మదిగా పెంచండి.

సెట్టింగులు: సగం ఫలితం ఇక్కడే

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి అవుట్‌పుట్‌గా కొత్త పరికరాన్ని ఎంచుకోండి. దాని ప్రాపర్టీస్‌లో ఫార్మాట్ 24 బిట్ పెట్టండి. ఎక్కువగా సీడీ నుంచి తీసిన పాటలు వింటే 44,100 హెర్ట్జ్, యూట్యూబ్, సినిమాలు ఎక్కువైతే 48,000 హెర్ట్జ్. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన సరౌండ్, బేస్ బూస్ట్ ప్రోగ్రాములు ఆ బుల్లి స్పీకర్లను గదమాయించడానికి తయారైనవి. పెద్ద స్పీకర్ మీద అవే గొంతును మసకబారుస్తాయి. మ్యాక్‌లో ఇదే పని ఆడియో మిడి సెటప్‌లో జరుగుతుంది.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ఓటీజీ స్విచ్ (ఫోన్‌కి తగిలించిన పరికరాల్ని వాడనిచ్చేది) ఆన్ చేస్తే తప్ప డాంగిల్ మేల్కోదు. కాసేపు పాట ఆపితే ఆ స్విచ్ తనంతట తనే ఆఫ్ అయిపోతుంది కూడా. పాట ఫోన్ స్పీకర్ నుంచే వస్తోందంటే మొదట చూడవలసింది అక్కడే.

టీవీలో సౌండ్ మెనూకి వెళ్లి డిజిటల్ ఆడియో అవుట్‌ని పీసీఎమ్‌కి మార్చండి. ఆటో, బిట్‌స్ట్రీమ్, డాల్బీ అని ఉంటే చవక డాక్ ఆ భాషను చదవలేదు. కొన్ని ఛానెళ్లు పలుకుతూ, కొన్ని మూగబోతుంటే, లేదా గరగర తప్ప ఏమీ రాకపోతే కారణం నూటికి తొంభైపాళ్లు ఇదే. ఇంకో సంగతి: చాలా టీవీల్లో ఆప్టికల్ శబ్దం స్థిరంగా ఉంటుంది, టీవీ రిమోట్‌తో పెరగదు తగ్గదు. వాల్యూమ్ యాంప్ దగ్గరే తిప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వాడే టీవీ అయితే కొనేముందే దీని గురించి ఆలోచించండి.

పాటల యాప్‌లో క్వాలిటీ సాధారణంగా ఆటో మీద ఉంటుంది. అందుబాటులో ఉన్నదాంట్లో పైదానికి మార్చండి. సీడీ పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల పాత ఎంపీ3లో తాళాల ఘల్లుమనే శబ్దం నీళ్లలో మునిగినట్టు ఉంటుంది, శుభ్రమైన డాక్ ఆ లోపాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. డాక్ కొన్నాక పాటలు ముందుకంటే అధ్వాన్నంగా ఉన్నాయనిపిస్తే ముందు ఫైలు మార్చి చూడండి.

శబ్దం మట్టం

ఫోన్, ల్యాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, తగ్గింపు యాంప్ దగ్గర చేయడం మంచిది. మూలంలో తగ్గించి యాంప్‌లో పెంచితే, మధ్యలో చేరిన రొద కూడా పాటతో పాటు పెరుగుతుంది. అలవాటయ్యే దాకా పాట పెట్టేముందు యాంప్ వాల్యూమ్ కిందికి ఉందో లేదో చూసుకోండి.

2 వోల్టుల డాక్‌తో పాత యాంప్‌లకు ఒక ఇబ్బంది వస్తుంది. వాటి ఆక్స్ సాకెట్లు చాలావరకు 150 నుంచి 250 మిల్లీవోల్టులకే పూర్తి శబ్దం ఇచ్చేలా కట్టినవి. వాల్యూమ్ గుండీ కొంచెం కదిపితే చాలు ఇల్లు అదిరిపోతుంది. గుండీ మొదట్లో ఎడమ, కుడి శబ్దాలు సమానంగా పెరగవు కాబట్టి పాట ఒక పక్కకు ఒరుగుతుంది కూడా. దీనికి పది రూపాయల వైద్యం ఉంది. ఒక్కో ఛానెల్‌కి 10 కిలోఓమ్ రెసిస్టర్ వరుసలో, దాని తరవాత సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలోఓమ్ రెసిస్టర్. మొత్తం నాలుగు, పావు వాట్, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రకం. శబ్దం సుమారు 10 డెసిబెల్ తగ్గుతుంది. వీటిని యాంప్ వైపు పిన్ను లోపలే అతికించండి, ఎందుకంటే రెసిస్టర్ల తరవాతి తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో పిన్నులు, రెసిస్టర్లు రెండూ దొరుకుతాయి. సోల్డరింగ్ రాకపోతే ఆ గల్లీలోనే అడగండి.

హమ్ పోకపోతే

మొదట ల్యాప్‌టాప్ ఛార్జర్‌నీ, యాంప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. రెండు గదుల సాకెట్ల మధ్య ఉండే ఎర్త్ తేడా దీంతో చాలావరకు పోతుంది. ఆ తరవాత కూడా ఉంటే, ఛార్జర్ తీసి బ్యాటరీ మీద వినడం, లేదా ఆప్టికల్ అవుట్ ఉన్న పరికరం నుంచి ఆప్టికల్ డాక్‌కి పోవడం. ఆడియో తీగ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ హమ్‌ని నిజంగానే ఆపుతుంది, కానీ చవకవాటిలో ట్రాన్స్‌ఫార్మర్ మరీ చిన్నది కావడంతో మృదంగం తొప్పి, డప్పు అడుగు శబ్దం పలచబడతాయి. చివరి ఉపాయంగానే వాడండి.

మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట వినకండి. యాంప్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున ఆ డబ్బా ఒంటినిండా 230 వోల్టులు ఉంటాయి, ముట్టుకునేది ఇంట్లో పిల్లలు కావచ్చు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే యాంప్ బుర్రుమంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని. డాక్‌కి సంబంధం లేదు.

నిజంగా మెరుగైందా?

కాస్త బిగ్గరగా ఉన్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. పాత జాక్ అర వోల్టు ఇచ్చి, కొత్త డాక్ 2 వోల్టులు ఇస్తుంటే పోలికే తప్పు. మట్టం సమానం చేయాలి. 100 హెర్ట్జ్ టోన్ ఒకటి నడిపించి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి కొలవండి. ఒకటి 1.00 వోల్టు చూపిస్తే రెండోది 0.98కీ 1.02కీ మధ్య ఉండేలా వాల్యూమ్ సర్దండి. ఏసీలో 200 వోల్టుల రేంజికంటే కిందిది లేని చవక మీటర్ దీనికి పనికిరాదు. 1,000 హెర్ట్జ్ టోన్ కూడా వద్దు, మామూలు మీటర్లు ఆ పైస్థాయిలో తప్పు చూపిస్తాయి.

ఆ తరవాత ఇంకొకరిని తీగలు మార్చమని, ఏది ఏదో చెప్పవద్దని అడగండి. వీణ మీటు ఆగిపోయాక మిగిలే తోక, తంబుర వెనకాల నిశ్శబ్దం వినండి. పాత జాక్‌లో రొద ఉంటే తేడా అక్కడే తెలుస్తుంది. పదిసార్లలో ఐదారు సార్లే సరిగ్గా చెప్పగలిగితే తేడా లేనట్టే. డాక్ తిరిగి ఇచ్చేయడానికి మొహమాటపడకండి.

గది, స్పీకర్లు

మన ఇళ్లలో స్పీకర్లు షోకేస్ మీదో, అటక కిందో ఉంటాయి. నేల టైల్స్, గోడలు ఖాళీ. డాక్ తెచ్చే తేడాకంటే వీటిని సర్దితే వచ్చే తేడా పెద్దది, పైగా ఖర్చు లేదు. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీకూ వాటికీ మధ్య కూడా అంతే. వెనక గోడకు కనీసం ఒక అడుగు ఎడం. ముందు నేల మీద జంపఖానా, ఎదురు గోడకు మందపాటి కర్టెన్.

చివరగా ఘంటసాల పాత పాట ఒకటి పెట్టండి. ఆ కాలపు రికార్డింగులు మోనో. రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం కాబట్టి గొంతు సరిగ్గా నడిమధ్య, గాలిలో నిలబడినట్టు రావాలి. నకిలీ స్టీరియో ఎఫెక్టు వేసిన ప్రతి కాకుండా చూసుకోండి. గొంతు ఒక పక్కకు ఒరిగితే బ్యాలెన్స్ గుండీ, పిన్నులు చూడండి. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గదంతా చెదిరి, బేస్ పలచగా ఉంటే ఒక స్పీకర్ తీగలు తారుమారయ్యాయి. యాంప్ ఆఫ్ చేసి, ఏదో ఒక స్పీకర్ దగ్గర మాత్రమే ఎరుపు, నలుపు తీగలు మార్చి మళ్లీ వినండి. రెండు చోట్లా మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.